ఇల్లు ఎనిమిదిన్నర లక్షలు, దాని కింద నేల ఇరవై ఏడున్నర

హైదరాబాద్ తూర్పున, మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్ లేఅవుట్‌లోని ప్లాట్లను 2021 డిసెంబర్‌లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో వేలం వేసింది. కనీస ధర గజానికి 35,000 రూపాయలు. ఒక ప్లాటు గజం 1,01,000 దాకా పోయింది. తొలి రోజు సగటు గజానికి 71,815. రెండు రోజుల్లో 44 ప్లాట్లు వేలానికి పెడితే వచ్చిన సొమ్ము దాదాపు 474 కోట్లు. దీన్ని ఖజానాకు కాసుల పంట అన్నారు. పంటే, కాదనలేం. కానీ ఆ చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండి సొంత గూడు కోసం పైసా పైసా కూడబెడుతున్న వాళ్లకు ఆ వార్త ఇంకోలా వినిపించి ఉంటుంది.

అదే ప్రభుత్వం 2015లో పేదలకు డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకం మొదలుపెట్టింది. ఇల్లు 560 చదరపు అడుగులు. తొమ్మిదంతస్తుల భవనంలో అయితే కట్టడానికి 7.90 లక్షలు, రోడ్డు, నీళ్లు, డ్రైనేజీకి 75 వేలు, కలిపి ఇంటికి 8.65 లక్షలుగా లెక్క కట్టారు. మూడంతస్తులకు మించకపోతే 7.75 లక్షలే. నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ పరిధిలో లక్ష ఇళ్లకు వేసిన అంచనా 8,598 కోట్లు.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉప్పల్‌లో, పక్కనే ఉన్న నాచారంలో సామాన్యుడికి ఇల్లు ఎందుకు అందడం లేదో, ఎక్కడ పట్టుకుంటే అందుతుందో అప్పుడు తెలుస్తుంది.

ముందు ఒక ఇంటికి ఎంత నేల కావాలో చూడాలి. దానికి కొల్లూరే కొలబద్ద. సంగారెడ్డి జిల్లాలో ఔటర్ రింగు రోడ్డు పక్కన 124 ఎకరాల్లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి, 2023 జూన్‌లో ప్రారంభించారు. అంటే ఎకరాకు 126 ఇళ్లు. ఎకరం 4,840 గజాలు కాబట్టి రోడ్లు, ఖాళీ జాగాలతో కలిపి ఇంటికి 38 గజాలు పడింది. అంతకంటే కుదించి కడితే గాలీ వెలుతురూ ఆడవు, అగ్నిమాపక బండి లోపల తిరగదు.

ఇప్పుడు ఆ 38 గజాలను భగాయత్ తొలి రోజు సగటుతో గుణించండి. 27 లక్షల పైన తేలుతుంది, దశాంశాలతో సహా వేస్తే ఇరవై ఏడున్నర. పైన కట్టడం 8.65 లక్షలు, కింద మట్టి 27.50 లక్షలు. మొత్తం 36.15 లక్షలు. నాలుగు రూపాయల్లో మూడు రూపాయలు ఒక్క ఇటుక పేర్చకముందే అయిపోయాయి.

వేలంలో పోయినవి విశాలమైన రోడ్ల మీది ప్లాట్లు, వాటి ధర మామూలు ఇళ్లకు వర్తించదని అనవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. అయితే హెచ్‌ఎండీఏ పెట్టిన కనీస ధర 35,000 తీసుకుందాం. అప్పుడూ నేలకు 13.4 లక్షలవుతుంది. ఎటు తిప్పినా నేల ఖర్చు కట్టడం ఖర్చును మించే ఉంటుంది. సిమెంటు ధర తగ్గించండి, ఇసుక ఆన్‌లైన్‌లో ఇవ్వండి అన్న డిమాండ్లు తప్పు కావు. కానీ సిమెంటూ ఇసుకా ఉచితంగా ఇచ్చినా ఉప్పల్‌లో ఆ ఇరవై ఏడున్నర లక్షలు కదలవు.

జీతం ఎంతవరకు వెళ్తుంది?

ఇంటి ఖర్చు రాబడిలో మూడో వంతు మించితే సంసారం కుంటుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఇక్కడ 30 శాతం అనుకుందాం. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గృహరుణం తీసుకుంటే లక్షకు నెలవారీ కిస్తీ 868 రూపాయలు.

నాచారం పారిశ్రామికవాడలో నెలకు 20,000 తెచ్చుకునే మనిషిని ఊహించండి. అతను నెలకు 6,000 కిస్తీ కట్టగలడు. ఆ కిస్తీకి వచ్చే అప్పు 6.9 లక్షలు. ఇంట్లో ఇద్దరు పనిచేసి 35,000 తెస్తే కిస్తీ 10,500, అప్పు 12 లక్షలు. మన 36.15 లక్షల ఇంటికి అయిదో వంతు, అంటే 7.23 లక్షలు చేతి నుంచి పెట్టుకున్నా, మిగిలిన 28.92 లక్షలకు నెల కిస్తీ 25,100 రూపాయలు. 30 శాతం గీత దాటకుండా అది కట్టాలంటే నెలకు 83,000 పైన రాబడి ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం వేరే, ఇంకో 2.7 లక్షలు.

ఇప్పుడు ఇదే లెక్కలో నేలను పక్కన పెట్టండి. కట్టడం ఖర్చు 8.65 లక్షలు మొత్తం అప్పు చేసినా కిస్తీ 7,500. పాతిక వేల రాబడి ఉన్న కుటుంబం దాన్ని కట్టేస్తుంది! ఆ 8.65 లక్షలు 2015 నాటి రేటు, ఇవాళ ఆ డబ్బుకు ఆ ఇల్లు లేవదు. సరే, 12 లక్షలనుకుందాం. కిస్తీ 10,400, కావాల్సిన రాబడి 35,000. అయినా అందుబాటులోనే ఉంది.

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన సంగతి ఇదే. ఉప్పల్, నాచారంలో పనిచేసుకునే కుటుంబాల్లో చాలావాటికి ఉచిత ఇల్లు అవసరం లేదు. ఇంటి ఖర్చు అవి భరిస్తాయి, నేల ఖర్చే భరించలేవు. మన పథకాలు దీన్ని తలకిందులు చేశాయి. ఊరికి దూరంగా నేల వెతికి, దాని మీద ఇల్లు ఉచితంగా కట్టించి, లాటరీ తీసి ఇచ్చాయి. లక్ష ఇళ్లకు గ్రేటర్‌లో వచ్చిన దరఖాస్తులు 7 లక్షలకు పైనే. పేరు వచ్చినవాడికి అంతా ఉచితం, రానివాడికి అంతా శూన్యం.

దూరానికీ ధర ఉంది

నాచారం దగ్గరి సింగంచెరువు తండాలో 176 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. ఉన్న బస్తీలోనే, ఉన్న మనుషులకే కట్టిన ఇళ్లు. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తూర్పు వైపు పెద్ద సంఖ్యలో కట్టింది కీసర మండలం రాంపల్లిలో, 6,240 ఇళ్లు. ఉప్పల్ చౌరస్తా నుంచి దాదాపు 15 కిలోమీటర్లు. కొల్లూరు అయితే నగరానికి ఆ చివర. నాచారంలో షిఫ్టు డ్యూటీ చేసే మనిషికి కొల్లూరులో ఇల్లు వస్తే రోజూ 40 కిలోమీటర్లు పోవాలి, 40 కిలోమీటర్లు రావాలి. లాటరీలో వచ్చిన ఇళ్లలో తాళాలు వేసి ఉన్నవి ఎన్నో అధికారుల తనిఖీల్లోనే కనిపించాయి. జనానికి కృతజ్ఞత లేదని విసుక్కున్నవాళ్లున్నారు. ఆ ఎనభై కిలోమీటర్లు ఒక్క వారం తిరిగి చూస్తే ఆ విసుగు తగ్గుతుంది.

దూరం విషయంలో జనం మనసు తెలిపే లెక్క ఒకటి మన దగ్గరే ఉంది. 2007లో మధ్యతరగతి కోసం పెట్టిన రాజీవ్ స్వగృహ కార్పొరేషన్ మార్కెట్ కంటే పాతిక శాతం తక్కువకు ఫ్లాట్లు ఇస్తామంది. నాగోల్ పక్కన బండ్లగూడలో ఒక టౌన్‌షిప్, వరంగల్ రోడ్డు మీద పోచారంలో ఇంకొకటి లేచాయి. ఖర్చు పెరిగింది, ధర మార్కెట్‌ను మించింది, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. భవనాలు ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచిపోయాయి. చివరికి 2022లో వాటిని లాటరీ తీసి అమ్మకానికి పెట్టారు. పూర్తయిన ఫ్లాటు బండ్లగూడలో చదరపు అడుగు 3,000, పోచారంలో 2,500.

అదే కార్పొరేషన్, అదే లాటరీ. తేడా ధరలోనూ దూరంలోనూ ఉంది. పోచారం ఉప్పల్‌కు పన్నెండు కిలోమీటర్ల పైన. బండ్లగూడ నాగోల్ మెట్రోకు దగ్గర. బండ్లగూడలోని 2,246 ఫ్లాట్లకు 33,161 మంది దరఖాస్తు చేశారు, అంటే ఫ్లాటుకు దాదాపు 15 మంది. పోచారంలోని 1,470 ఫ్లాట్లకు 5,921 మంది, అంటే ఫ్లాటుకు నలుగురు. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు మీద పోచారంలో అయిదు లక్షలు ఆదా అవుతుంది, కిస్తీలో నెలకు 4,340 రూపాయలు. ఆ ఆదాను కాదని జనం దగ్గరి ఇంటికే ఎగబడ్డారు. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉన్నా సరే.

వాళ్ల లెక్క తప్పేం కాదు. నగరంలో ఆర్డినరీ బస్సు పాసు 2025 జూన్ నుంచి 1,400 రూపాయలు. ఇంట్లో ఇద్దరు మగవాళ్లకు రెండు పాసులంటే 2,800. ఉప్పల్ చేరాక మెట్రో ఎక్కితే అది వేరు. 2025 మే సవరణ తర్వాత మెట్రో గరిష్ఠ టికెట్ 69 రూపాయలు, రాయదుర్గం దాకా పోయి వచ్చేవాడికి నెలకు మూడు వేలు దాటుతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి వాళ్లకు డబ్బు మిగిలింది, కాలం మాత్రం మిగల్లేదు. పోచారం పోయే దారిలోనే ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ రోడ్డు పని 2018లో మొదలైంది. దాని కింద ఏళ్ల తరబడి దుమ్ములో, గుంతల్లో తిరిగినవాళ్లకు పోచారం ఎంత దూరమో కిలోమీటర్లలో చెప్పనక్కర్లేదు.

ఊరు నగరమైన తర్వాత

ఉప్పల్ మొదటి నుంచీ హైదరాబాద్ కాదు. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఏర్పడేదాకా ఉప్పల్ కలాన్ ఒక మున్సిపాలిటీ. 2001 జనాభా లెక్కల్లో ఇక్కడి జనం లక్షా పద్దెనిమిది వేలు. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, ఎన్‌జీఆర్‌ఐ, సర్వే ఆఫ్ ఇండియా లాంటి సంస్థల ఉద్యోగులు, ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణ స్టూడియో చుట్టూ చేరిన సినిమా కార్మికులు ఇక్కడ వంద గజాలు కొనుక్కుని ఇల్లు వేసుకున్న కాలం అది. తర్వాత జెన్‌ప్యాక్ట్ కంపెనీ వచ్చింది, క్రికెట్ స్టేడియం వచ్చింది, 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి మెట్రో కదిలింది. మెట్రో డిపో ఉన్న 104 ఎకరాలు ఉప్పల్‌వే. భగాయత్ రైతులు 730 ఎకరాలకు పైగా ఇస్తే, ఎకరాకు వెయ్యి గజాల చొప్పున అభివృద్ధి చేసిన ప్లాట్లు వాళ్లకు తిరిగి వచ్చాయి. రైతుకు వాటా దక్కింది, మెట్రోకు దక్కింది, వేలంలో కొన్నవాళ్లకు దక్కింది. అద్దెకుండేవాడికి ఆ 730 ఎకరాల్లో ఒక్క గజం రాసిపెట్టి ఉంటే ఇవాళ ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

చిన్న పట్టణంగా ఉన్నప్పుడు నేల తీసి పెట్టుకోకపోతే నగరమయ్యాక కొనలేం. ఉప్పల్‌లో జరిగిందే ఇప్పుడు బోడుప్పల్, పీర్జాదిగూడ దాటి ఘట్‌కేసర్ వైపు పాకుతోంది. 2025 చివర్లో ప్రభుత్వం ఇవన్నీ కలిపి 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో విలీనం చేయాలని నిర్ణయించింది. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ రైలు మొదలైంది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచారు. రైళ్ల సంఖ్య ఇంకా చాలదు. అవి పెరిగితే మాత్రం ఆ స్టేషన్ల చుట్టూ నడక దూరంలోని నేల మీద గజం ధర ఎగబాకుతుంది. అది ఎగబాకకముందే అక్కడ పదీ ఇరవై ఎకరాలు ఇళ్ల కోసమని తీసి పెట్టాలి.

ఇందిరమ్మ ఇళ్ల సంగతి అడుగుతారు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో 5 లక్షలు నాలుగు దఫాలుగా ఇస్తారు, కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకోవాలి, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. సొంత జాగా ఉన్నవాడికి మేలైన పథకం. భువనగిరిలో, జనగామలో పనికొస్తుంది. ఉప్పల్‌లో జాగా ఉన్నవాడు పేదవాడే కాదు, గజం ధర చూశారుగా! గ్రేటర్‌లో వచ్చిన పది లక్షలకు పైగా దరఖాస్తుల్లో అత్యధికులకు సొంత జాగా లేకపోవడం అందుకే.

కేంద్రం పథకమూ ఇక్కడికొచ్చేసరికి గడప దగ్గరే ఆగుతుంది. 2024లో మొదలైన రెండో విడత ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఏడాదికి 9 లక్షల లోపు రాబడి ఉన్నవాళ్లకు వడ్డీ రాయితీ 1.80 లక్షల దాకా వస్తుంది, అయిదేళ్ల పాటు నెలకు 3,000 చొప్పున అనుకోవచ్చు. షరతు ఏమిటంటే ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు, అప్పు 25 లక్షలు దాటకూడదు. మన లెక్కలోని ఇల్లు 36.15 లక్షలు. 560 చదరపు అడుగుల ఇల్లే పరిమితి దాటిపోయింది.

జీఎస్టీలోనూ ఇలాంటి గీత ఒకటి ఉంది. హైదరాబాద్‌లో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, అంటే 645 చదరపు అడుగులు, ధర 45 లక్షలు మించకపోతేనే నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు పన్ను ఒక శాతం. మించితే అయిదు శాతం. 44.9 లక్షల ఫ్లాటుకు పన్ను 44,900 రూపాయలు, 45.1 లక్షల ఫ్లాటుకు 2,25,500. ఇరవై వేల తేడాకు లక్షా ఎనభై వేల పన్ను! బేరమాడేటప్పుడు గుర్తుంచుకోండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటుకు ఈ పన్నే లేదు.

అద్దె మాట ఎవరూ ఎత్తరు

మన నగరాల్లో ఇంటి విలువ మీద ఏడాదికి వచ్చే అద్దె రెండు నుంచి నాలుగు శాతం. మూడు శాతమనుకుంటే 36 లక్షల ఇంటికి అద్దె నెలకు 9,000. అదే ఇంటి కిస్తీ 25,100. ముప్పై వేల రాబడి ఉన్న కుటుంబం 9,000 అద్దె కట్టగలదు, 25,100 కిస్తీ కట్టలేదు. అయినా మన రాజకీయాల్లో ఇల్లంటే పట్టా చేతిలో పెట్టి ఫొటో దిగడమే. అద్దె ఇంటికి ఫొటో ఉండదు కాబట్టి పథకమూ ఉండదు. 2020లో కేంద్రం అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది, 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చి అడ్వాన్సు రెండు నెలలకు మించరాదంది. ఇక్కడ వాటి ఊసు వినపడదు.

నాచారం, మల్లాపూర్ బస్తీల్లో ఇప్పటికీ తక్కువ అద్దె గదులను నిలబెడుతున్నది డెబ్భై, ఎనభై గజాల ఇంటి ఓనర్లే. కింద తాము, పైన రెండు పోర్షన్లు, గోడకు టూలెట్ బోర్డు. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు ప్లాటులో ఒక అంతస్తు దాకా కట్టుకునేవాళ్లను అనుమతుల తిప్పల నుంచి తప్పించింది, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. ఈ చిన్న ఓనరుకు పైగది వేసుకోవడానికి తక్కువ వడ్డీకి మూడు నాలుగు లక్షల అప్పిచ్చి, అయిదేళ్ల పాటు అద్దె మీద పరిమితి పెట్టినా చాలు, కొత్త నేల ఒక్క గజం కొనకుండా వందల గదులు వస్తాయి. ఇంత చవకైన మార్గం ఇంకొకటి లేదు, ఇంత పట్టించుకోని మార్గమూ లేదు.

ఇక పెద్ద నేల. అది నాచారంలోనే ఉంది. 2025 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఔటర్ లోపలి పాత పారిశ్రామికవాడలను ఇళ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు మార్చుకోవచ్చంటూ ఒక విధానం తెచ్చింది. 22 పారిశ్రామికవాడలు, 9,292 ఎకరాలు. వాటిలో ప్లాట్లుగా ఉన్నది 4,740 ఎకరాలు. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి ఆ జాబితాలో ఉన్నాయి. రోడ్డు వెడల్పు 80 అడుగుల లోపైతే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులు, ఆపైన అయితే 50 శాతం కడితే చాలు. ధర తక్కువని, కొందరికి లాభమని పెద్ద రగడే జరిగింది. ఫీజు ఎంతుండాలన్న గొడవలో ఆ నేల మీద ఎవరుండాలన్న ప్రశ్న మరుగున పడింది.

ఒక్క లెక్క వేయండి. 4,740 ఎకరాల్లో పదో వంతు, 474 ఎకరాలు. కొల్లూరు చొప్పున ఎకరాకు 126 ఇళ్లు. దాదాపు 60,000 ఇళ్లు. గ్రేటర్ డబుల్ బెడ్‌రూం పథకం లక్ష్యంలో సగానికి పైన, అదీ నడిచి పనికి పోగలిగే చోట. ఫీజు సొమ్ముకు బదులు ఆ పదో వంతు నేలనే తీసుకోవచ్చు. తీసుకున్న నేలను అమ్మకూడదు. సింగపూర్ ప్రభుత్వ ఫ్లాట్లను 99 ఏళ్ల లీజుకే ఇస్తుంది, నేల ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. ఆ దేశంలో పదిమందిలో ఎనిమిదిమంది దాకా అలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు. మనం కూడా కట్టడం ఖర్చు మాత్రం కిస్తీల మీద వసూలు చేసి, నేలను లీజులో ఉంచితే, పై లెక్క ప్రకారం 35,000 రాబడి ఉన్న కుటుంబం నెలకు 10,400 కట్టి ఉప్పల్‌లో ఉండగలదు. అంతకంటే తక్కువ తెచ్చుకునేవాళ్లకు అందులోనే కొన్ని అద్దెకు ఉంచాలి.

భగాయత్ వేలంలో వచ్చిన 474 కోట్లతో 8.65 లక్షల చొప్పున 5,480 ఇళ్లు కట్టవచ్చు. కానీ వాటిని నిలబెట్టే నేలనే అమ్మి ఆ డబ్బు తెచ్చుకున్నాం. నాచారంలో అలా జరగకూడదంటే పదో వంతు నేల షరతు ఎన్నికల ప్రణాళికలో రాసి లాభం లేదు, మార్పిడి అనుమతి ఉత్తర్వులోనే రాయాలి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ కాలనీ సంఘాలూ కార్మిక సంఘాలూ ఇప్పుడే ఆ మాట అడగాలి. ఫ్యాక్టరీ గోడ పడిపోయి బిల్డరు బోర్డు లేచాక అడిగినా ఇవ్వడానికి నేల ఉండదు.